సూపర్‌ట్రీల కింద పావుగంట

సింగపూర్‌లోని గార్డెన్స్ బై ది బే తోటలో జరిగే దీపాలు, పాటల ప్రదర్శన గార్డెన్ రాప్సడీకి టికెట్ అక్కర్లేదు. రోజూ రాత్రి 7:45కి, 8:45కి రెండు ఆటలు. బేఫ్రంట్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచెళ్లొచ్చు. సూపర్‌ట్రీలంటే 25 నుంచి 50 మీటర్ల ఎత్తున కట్టిన కృత్రిమ చెట్లు కదా, దూరం నుంచే బాగుంటుందనుకుంటారు చాలామంది. కాదు, చెట్ల నడుమ వెల్లకిలా పడుకుని చూడాలి! పాట ఊపందుకునే కొద్దీ రంగులు కొమ్మల చివరిదాకా పాకడం అక్కడి నుంచే తెలుస్తుంది.

ఫోన్‌లో తీస్తే దీపాలు తెల్లగా మాడిపోతాయి. చీకటి ఆకాశాన్ని చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది మరి. తెర మీద దీపాన్ని నొక్కిపట్టి వెలుతురు తగ్గించుకోండి.

22 మీటర్ల ఎత్తులో సూపర్‌ట్రీలను కలిపే నడకవంతెన ఓసీబీసీ స్కైవేకి విడిగా టికెట్ కొనాలి. వానొస్తే మూసేస్తారు, మబ్బు చూసుకున్నాకే కొనండి. మరమ్మతులప్పుడు ఆట ఉండదు, బయల్దేరేముందు వెబ్‌సైట్‌లో తేదీ చూసుకోండి.