రిడెల్, బ్యోర్క్: వోల్వో తెచ్చిన రెండు టైటిళ్లు

స్వీడన్ టూరింగ్ కారు (మామూలు రోడ్డు కార్లను రేసుకు తగ్గట్టు మార్చి నడిపే పోటీలు) రేసర్లు రికార్డ్ రిడెల్, టెడ్ బ్యోర్క్ ఇద్దరూ తమ అతి పెద్ద టైటిళ్లను వోల్వో కార్లతోనే గెలిచినా, అక్కడికి చేరిన దారులు వేరు. 1992లో మకావులో ఫార్ములా 3 (ఒంటి సీటు రేసు కార్ల) రేసు నెగ్గిన రిడెల్, 1994లో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌లో వోల్వో 850 ఎస్టేట్ నడిపారు. సామాను వేసుకుని కుటుంబమంతా ఊరెళ్లేందుకు కొనుక్కునే ఆ పొడవాటి బండిని రేసులో దింపడం విడ్డూరంగానే కనిపించింది, పైగా అది ఒక్క రేసూ గెలవలేదు. మరుసటి ఏడాది జట్టు సెడాన్‌కు మారాక పరిస్థితి మెరుగుపడింది. 1998లో ఎస్40 కారుతో ఆయన బ్రిటిష్ టైటిల్‌తో పాటు, జిమ్ రిచర్డ్స్‌తో కలిసి ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో వెయ్యి కిలోమీటర్ల రేసునూ గెలిచారు.

బ్యోర్క్ ప్రధానంగా స్వదేశీ పోటీల్లోనే ఎదిగారు. 2013 నుంచి 2015 వరకు వరుసగా మూడుసార్లు వోల్వో ఎస్60తో స్కాండినేవియా టైటిల్ సాధించి, 2017లో ప్రపంచ టూరింగ్ కార్ ఛాంపియన్ అయ్యారు.

టైటిల్ స్థాయిని బట్టి చూస్తే బ్యోర్క్‌దే పైచేయి. అయినప్పటికీ, 2007లో ఆస్టన్ మార్టిన్‌తో ఫ్రాన్స్‌లోని లే మాన్ 24 గంటల రేసులో జీటీ1 (స్పోర్ట్స్ కార్ల) విభాగాన్నీ, 2011లో షెవర్లే క్రూజ్‌తో స్కాండినేవియా టైటిల్‌నూ గెలిచిన రిడెల్ వైవిధ్యానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.