థియోక్రిటసా, వర్జిలా: ముందు ఎవరిని చదవాలి?

పశుల కాపరుల పాటలనగానే పచ్చిక, పిల్లనగ్రోవి, ప్రేమ, అంతేగా అనుకుంటారు చాలామంది. యూరప్‌లో ఈ కవిత్వానికి ఇద్దరు పెద్దదిక్కులు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీకులో రాసిన థియోక్రిటస్ ఒకరు, రెండు వందల ఏళ్లు దాటాక ఆయన బాటలోనే లాటిన్‌లో రాసిన వర్జిల్ ఇంకొకరు.

థియోక్రిటస్ సిసిలీలోని సిరక్యూస్ వాడు. ఆయన కవితల్ని ఐడిల్స్ అంటారు. మొదటి ఐడిల్‌లో ఒక మేకల కాపరి, పాట పాడితే చెక్కగిన్నె ఇస్తానంటాడు. ఆ గిన్నె మీద చెక్కిన ఒక బొమ్మ చూడండి. ద్రాక్షతోటకు కాపలాగా గట్టు మీద ఓ పిల్లాడు కూర్చున్నాడు. రెండు నక్కలొచ్చాయి. ఒకటి పళ్లు తినేస్తోంది, రెండోది వాడి సద్దిసంచి మీద కన్నేసింది. వాడికి ఇవేవీ పట్టవు, పుల్లలతో కీచురాయికి గూడు అల్లుకుంటున్నాడు! చేలో కాపలాకి కూర్చున్న పిల్లల్ని దగ్గరగా చూసినవాడే ఇలా రాయగలడు. పాటలోకి వస్తే, చనిపోతున్న డాఫ్నిస్ అనే పశువుల కాపరి కోసం నక్కలు, తోడేళ్లు, సింహం కూడా ఏడుస్తాయి. 1637లో మిల్టన్, 1821లో షెల్లీ తోటి కవుల మరణానికి రాసిన శోకగీతాలకు మూలం ఇలాంటి పాటల్లోనే ఉంది.

వర్జిల్ దగ్గరికొచ్చేసరికి గుండె బరువెక్కుతుంది. క్రీ.పూ. 42లో, రోమన్ల అంతర్యుద్ధంలో, ఫిలిప్పీ పోరు అయ్యాక సైనికులకు పంచడానికి ఇటలీలో రైతుల భూములు లాక్కున్నారు. వర్జిల్ రాసిన కాపరి కవితల్ని ఎక్లోగ్స్ అంటారు. మొదటి ఎక్లోగ్‌లో మెలిబియస్ అనే కాపరి అలా పొలం పోగొట్టుకుని, మేకల్ని తోలుకుంటూ ఊరు వదిలి వెళ్తుంటాడు. ఒక మేకను లాక్కురావాల్సి వస్తోంది. ఇప్పుడే దారిలో ఈనింది, కవల పిల్లల్ని బండరాయి మీదే వదిలేసి రావాల్సి వచ్చింది. మందకు ఆశ అవే అంటాడు. నిర్వాసితుల బాధ చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇద్దరిలో నా మనసు దోచింది వర్జిలే. అయినా ముందు థియోక్రిటస్‌నే చదవమంటాను. ఆయన రాసిన డోరిక్ అనే గ్రీకు యాస అనువాదంలో పోతుంది, నిజమే. కానీ బొమ్మలు పోవు. పైగా ఆ మధ్యాహ్నపు నీడ, ఊట నీళ్లు, తీరిగ్గా పాడుకోవడం మనకు ముందే తెలిసి ఉంటేనే మెలిబియస్ ఏం పోగొట్టుకున్నాడో అర్థమవుతుంది. అతనికి ఆ రాత్రికి దొరికేది స్నేహితుడి దగ్గర కాసిన్ని పళ్లు, చెస్ట్‌నట్లు, జున్నుముద్ద. అప్పటికే దూరాన ఇళ్ల కప్పుల మీంచి పొగ లేస్తోంది, కొండల నీడలు పొడుగవుతున్నాయి.