పొందూరు పంచెల చాపు: నాన్నగారు ఇరవై ఆరేళ్లు కట్టినది, నేను మొన్న కొన్నది

మా నాన్నగారి సంవత్సరీకం నాడు బ్రాహ్మణునికి వస్త్రదానంగా ఇవ్వడానికి ఒకటి, కర్తగా కూర్చునే నేను కట్టుకోవడానికి ఒకటి, వెరసి రెండు పంచెల చాపులు (చాపు అంటే రెండు పంచెల జత) కొనడానికి ఈ మధ్య పొందూరు వెళ్లి వచ్చాను. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన వారికి పొందూరు ఖద్దరు గురించి కొత్తగా చెప్పనక్కరలేదు గానీ, పేరు విన్నవారిలో కట్టి చూసినవారు తక్కువ, కట్టినవారిలో దాన్ని పదేళ్లకు మించి నిలబెట్టినవారు ఇంకా తక్కువ. మా నాన్నగారు ఇరవై ఆరేళ్లు నిలబెట్టారు. అందుచేత ఈ సమీక్షలో కొత్త చాపు గురించి నేను చెప్పగలిగినది కొంతే, పాత చాపుకు ఆయన పెట్టిన పరీక్ష గురించి చెప్పేదే ఎక్కువ.

ఆయనకు చెరువు కింద రెండెకరాల పల్లం, గట్టు మీద ఎకరం మెట్ట ఉండేవి. పల్లంలో వరి పండించి, కోతల వేళ ఆ తడిలోనే మినుములు చల్లేవారు. మెట్టలో గోగు వేసేవారు. నెల్లిమర్ల జ్యూటు మిల్లు నిండుగా నడిచిన రోజుల్లో మా వైపు రైతు రొక్కం కళ్లజూసేది గోగునార అమ్మినప్పుడే. కోసిన గోగు కట్టలను చెరువులో ఊరవేసి, మొలలోతు మురుగు నీళ్లలో రోజుల తరబడి నిలబడి నార ఒలిచేవారు గనుక ఆయన అరచేతులు, వేళ్ల సందులు చీలికలు తేలి ఉండేవి. 1998లో అక్క పెళ్లికి అందరికీ బట్టలు తీసిన తరువాత, మా అమ్మ పట్టుబట్టగా, తన కోసం పొందూరులో నూరో కౌంటు నూలు, అంటే బాగా సన్నని నూలు, పంచెల చాపు ఒకటి కొనుక్కున్నారు. తన సొంతానికి ఆయన ఖరీదు పెట్టి కొన్న వస్తువు, నాకు తెలిసినంతవరకు, అదొక్కటే.

అంత సన్నని గుడ్డకు ఆ చేతులతోనే చిక్కు వచ్చింది. వేలి చీలికలకు పోగు తగులుకొని లేచిపోతుందని మొదటిసారి కట్టినప్పుడే గ్రహించి, ఆ మరుసటి సారి నుంచి ముందు రోజు రాత్రే చేతులకు కొబ్బరినూనె పట్టించి, తెల్లవారుజామున సున్నిపిండితో జిడ్డు పోయేదాకా తోముకునేవారు. ఆ పంచె కట్టే రోజు ఎక్కువగా ఆదివారమే అయ్యేది. ఆదివారం ఆయన నూనె ముట్టరు గనుక శనివారం రాత్రే ఆ పని పూర్తి కావాలి. సూర్యనారాయణస్వామికి మొక్కుకొని పట్టిన ఆదివార నియమం అది. ఒంటిపూట భోజనం, అది కూడా పొద్దు ఉండగానే. కోతలు ముమ్మరంగా ఉన్న ఆదివారం నాడైనా, ఎదురుగా కూలీలు భోంచేస్తున్నా, ఆయన మజ్జిగతో సరిపెట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

మాఘమాసపు ఆదివారాల్లో ఒకటి, రథసప్తమి, మా ఊరి అమ్మవారి పండగ, ఇంట్లో శుభకార్యాలు: ఏడాదికి పది పన్నెండు సార్లకు మించి ఆ చాపు పెట్టె దాటలేదు. రథసప్తమి ముందు రాత్రే అరసవల్లి చేరి, ఇంద్రపుష్కరిణిలో స్నానం చేసి, అర్ధరాత్రి దాటాక స్వామికి జరిగే క్షీరాభిషేకానికి వరుసలో నిలబడేవారు. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులపాటు ఉదయ కిరణాలు గర్భాలయంలోని స్వామి పాదాలను తాకుతాయన్న సంగతి అందరికీ తెలిసినదే. అది చూడడానికి ఆయన మూడుసార్లు వెళ్లారు. మూడుసార్లూ మబ్బు పట్టింది. మూడోసారి నేను విసుక్కుంటే, "ఆయన రాకపోతే ఏటైందిరా, మనం ఎల్లినాం కదా" అని, పంచె కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని బస్సెక్కారు.

ఈ గుడ్డ ఇంత కాలం ఎందుకు నిలుస్తుందో పొందూరులో పని చూసినవారికి అర్థమవుతుంది. పత్తిని గింజతో ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు ఉండే సన్నని పళ్లు నలుసును తీసేసి పీచును ఒక వరుసకు తెస్తాయి. ఈ పని ఎక్కువగా ఆడవారే చేస్తారు. ఆ తరువాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, ఒంటి కదురు రాట్నం మీద వడకడం అన్నీ చేతి మీదే జరుగుతాయి. పీచు తెగకుండా నిలువుగా సాగుతుంది గనుక నూలు సన్నగా వచ్చినా బలం పోదు. వడికేవారికీ నేసేవారికీ 1949 నుంచి ఒక సంఘం ఉంది. నేను మాట్లాడిన ఇద్దరు వడికేవారూ అరవై దాటినవారే. కూలి ప్రస్తావన వచ్చేసరికి వారు నవ్వి ఊరుకున్నారు గనుక, కొనేటప్పుడు బేరమాడకండని నా మనవి.

ధర సంగతి దాచను. రెండు చాపులకు కలిపి నా నెల జీతంలో ఐదో వంతు పైగా పోయింది. అంతకు ముందు జరిగిన పొరపాటు కూడా చెప్పాలి. పొందూరు దాకా ఎందుకని మొదట పట్నంలో ఒక దుకాణంలో "అసలు పొందూరు" అని చెప్పి అమ్మిన పంచె కొన్నాను; ఇంటికి తెచ్చి వెలుతురుకు పట్టి చూస్తే పోగులన్నీ గీత గీసినట్టు ఒకే లావున ఉన్నాయి. చేతి నూలులో అక్కడక్కడ పోగు కాస్త లావెక్కి మళ్లీ సన్నబడుతుంది. ఆ హెచ్చుతగ్గు కనబడకపోతే అది మిల్లు నూలే. తిరిగి తీసుకోమంటే రశీదు లేదన్నారు. ఖాదీ పేరుతో అమ్మే గుడ్డకు 2013 నాటి నిబంధనల ప్రకారం ఖాదీ మార్కు ఉండాలి. ఆ గుర్తు, రశీదు రెండూ అడిగి పుచ్చుకోండి. నేను పుచ్చుకోలేదు.

పొందూరులో కొన్న చాపు విషయంలో మోసమేమీ లేదు. నేత సమంగా ఉంది, ఎర్ర అంచు రంగు మూడు ఉతుకులకూ దిగలేదు. లోపాలు లేకపోలేదు. మొదటి ఉతుకులో పొడవు నాలుగు వేళ్లు తగ్గింది, ఈ సంగతి అమ్మేటప్పుడు చెప్పి ఉండవలసింది. బాగా పలుచన గనుక లోపల మరో గుడ్డ లేకుండా కట్టలేము. కూర్చుని లేచేసరికి నలుగుతుంది. రోజూ ఆఫీసుకు కట్టుకుందామనుకునేవారికి ఇది పనికిరాదు. నూటికి ఎనభై మార్కులు ఇస్తాను. ఆ ఎనభైలో సగం పాత చాపును చూసి ఇచ్చినవి.

ఆ పాత చాపులో ఒక పంచెకు మోకాలి దగ్గర రూపాయి బిళ్లంత రఫ్ఫు ఉంది. అరసవల్లి వరుసలో ఇనుప కమ్మీకి తగులుకొని చిరిగితే, పంచె కొసన పోగులు నాలుగు లాగి ఇచ్చి, వాటితోనే కుట్టమని ఆయన మా అమ్మకు చెప్పారు. ఎండకు అడ్డంగా పట్టి చూస్తే తప్ప ఆ కుట్టు కనబడదు. రెండో పంచెకు అంచు పక్కన తుప్పు మరక ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇంటి పెంకులు లేచిపోయి ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగాయి. ఆ రాత్రి ఆయన విత్తనపు బస్తాలను మూల గదిలోకి మోసుకుంటూ పెట్టె మాట మరచిపోయారు. మరక నిమ్మకాయకూ పోలేదు, ఉప్పుకూ పోలేదు. దాన్ని లోపలి మడతలోకి పోయేలా కుచ్చెళ్లు పెట్టడం నేర్చుకున్నారు గానీ, పంచె మార్చలేదు. ఉతకడం కూడా ఎవరికీ ఇచ్చేవారు కాదు. కుంకుడు రసంలో జాడించి, పిండకుండా నీడలో ఆరవేసేవారు.

సంవత్సరీకం నాడు నేను కొత్తది కట్టుకొని పీటల మీద కూర్చున్నాను. గంజి బిరుసు పూర్తిగా వదలని గుడ్డ కావడం వల్ల నడుము దగ్గర నిలవక, పిండప్రదానానికి ముందే రెండుసార్లు జారింది. మూడోసారి నేను సర్దుకుంటుండగా మా అమ్మ లోపలికి వెళ్లి, తుప్పు మరక ఉన్న పంచె తెచ్చి, "ఇది కట్టు బాబూ, ఇది జారదు" అంది. ఉతికి మడత పెట్టినదే కదా అని పంతులుగారు అభ్యంతరం చెప్పలేదు. అది ఒంటికి అంటుకున్నట్టు నిలిచింది. మరక ఎటువైపు వస్తుందో నాకు తెలియక, కుచ్చెళ్లు అమ్మే సరిచేసింది. కొత్త చాపు ఇప్పుడు అదే ట్రంకు పెట్టెలో ఉంది, ఇంకా కాస్త బిరుసుగానే.