క్రిస్మస్ ఫ్యామిలీ కాంబో: నాలుగు జతలు, ఐదుగురు మనుషులు

మహబూబ్‌నగర్‌లో 2025 క్రిస్మస్‌కు ఒక పెద్ద బట్టల దుకాణంలో 'ఫ్యామిలీ కాంబో' అనే ప్యాకేజీ కొన్నాము. ఒకే మెరూన్ రంగులో, ఒకే జరీ అంచుతో చీర, తండ్రికీ కొడుక్కీ చొక్కాలు, ఆడపిల్లకు గౌను. నాలుగూ కలిపి 4,999 రూపాయలు. ఇటువంటి కాంబోలు ఇప్పుడు అనేక చోట్ల దొరుకుతున్నాయి కనుక ఆ దుకాణం పేరు రాయడం లేదు.

కుట్టుపని నిజంగా బాగుంది. బాబు చొక్కా చంకల దగ్గర బిగుతుగా లేదు. పాప గౌనుకు లోపల మెత్తని కాటన్ లైనింగు వేసినందువల్ల మూడు గంటల ఆరాధనలో ఆమె ఒక్కసారి కూడా గోక్కోలేదు. పిల్లలతో క్రిస్మస్ ఆరాధనకు కూర్చున్నవారికి ఆ సుఖం విలువ తెలుస్తుంది. చీర మాత్రం దుకాణంలో బొమ్మకు కట్టినప్పుడు కనిపించినంత బరువుగా లేదు, కుచ్చిళ్లు నిలవలేదు.

అయితే మా ఇంట్లో ఉన్నది ఐదుగురం. అమ్మ మాటేమిటని అడిగితే కౌంటర్లోని అబ్బాయి, "పెద్దోళ్లకు కాంబో రాదన్నా, నలుగురిదే వస్తది" అన్నాడు. అదే అంచున్న చీర విడిగా కావాలంటే మరో 1,800 అట. అమ్మ నా మోచేయి పట్టుకుని, "నాకెందుకురా, తెల్లచీర ఉన్నది కద" అంది. నేనూ సరేనన్నాను. ఆ తొందరపాటులో దుకాణం వాళ్ల తప్పు లేదు, నాదే.

అమ్మ జడ్చర్లలో మెన్నోనైట్ బ్రెదరన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంఘంలో పెరిగింది. రష్యా నుంచి వచ్చిన ఆ సంఘపు మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 19వ శతాబ్దం చివర నల్లగొండలో పని మొదలుపెట్టారు, తరువాత ఆ సంఘం పాలమూరు జిల్లాలోనూ విస్తరించింది. నిరాడంబరంగా బతకడం ఆ సంప్రదాయంలో పెద్ద విలువ. పండుగకు ఉతికి గంజిపెట్టిన తెల్లచీర అమ్మకు లోటుగా అనిపించదు. దాన్ని లోటుగా చూపించింది మా మెరూన్ బట్టలే. ఆరాధన ముగిశాక చర్చి ముందర కట్టిన నక్షత్రం కింద ఫోటో దిగడానికి నిలబడితే అమ్మ తనంతట తానే పక్కకు జరిగి, "మీరు దిగుండ్రి, నలుగురు ఒక్క తీరుగున్నరు" అంది. ఆ నలుగురి ఫోటోనే స్టేటస్‌లో పెట్టుకున్నాము. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అనే లెక్కను దుకాణంవాడు తన అమ్మకం కోసం కట్టాడు, అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆదివారం ఆదివారం మోకరించి ఇంటిల్లిపాదినీ పేరుపేరునా దేవునికి అప్పగించే మేము ఆ లెక్కకు ఎంత సులువుగా ఒదిగిపోయామన్నదే నన్ను ఇప్పటికీ తొలుస్తున్నది.

ఇక రంగు సంగతి. దిగదని గట్టిగా చెప్పారు కాబట్టి పండుగ మర్నాడు అన్నీ కలిపి నేనే మెషిన్‌లో వేశాను. అమ్మ తెల్లచీర కొంగు నుంచి సగం దాకా గులాబీ మరకలతో బయటికి వచ్చింది. దుకాణానికి వెళితే, బిల్లు వెనక 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని అచ్చువేసిన వాక్యం చూపించారు. ఆ వాక్యం చూసి వెనక్కి తిరగవలసిన అవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని సొమ్ము ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తానని చెప్పగానే మేనేజరు గొంతు మారింది. చివరికి చీరకూ పెద్ద చొక్కాకూ కలిపి 2,600 రూపాయలకు క్రెడిట్ స్లిప్ ఇచ్చారు. నగదు కోసం పట్టుబట్టవలసింది, కానీ పిల్లలు ఆకలితో ఉన్నారు, నాకూ ఓపిక తీరిపోయింది. పాడైన తెల్లచీర ఊసు వాళ్లూ ఎత్తలేదు, నేనూ మొహమాటపడ్డాను.

పిల్లల బట్టల వరకైతే ఈ దుకాణానికి మళ్లీ వెళతాను. కాంబో కొనేవారు ముందు ఇంట్లో తలలు లెక్కపెట్టుకుని, ఐదో మనిషి చీర ధర కూడా కలిపి బేరం మొదలుపెట్టడం మంచిది. ఆఫర్ బోర్డు మీది ధర అప్పుడు అంత చవకగా కనిపించదు. రంగు దిగదన్న మాట బిల్లు మీద రాయించుకోవాలి, మొదటి ఉతుకు విడిగా చేయాలి.

మా స్లిప్ గడువు 2026 మార్చి 31. దానితో అమ్మకు తెల్లచీర కొనాలని ఉంది, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3 కాబట్టి ఆ రోజుకు పనికొస్తుంది. కానీ ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమ దినాల్లో అమ్మ కొత్త బట్టలు కొననివ్వదు, అవి ఫిబ్రవరి 18న భస్మ బుధవారంతో మొదలవుతాయి. ఫిబ్రవరి 17 లోపల ఒక ఆదివారం ఆరాధన కాగానే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాలి.