350 రూపాయల క్లిప్ మాక్రో లెన్స్: 3 స్టార్లు, ఒకటి మాత్రం కందిరీగ పుణ్యాన

అబిడ్స్‌ల ఫోన్ కవర్లమ్మే ఒక చిన్న షాపుల కొన్న, రెండు నెలలైంది. ముందు తిట్లు కానిస్త. క్లిప్ రబ్బరు వారానికే ఊడింది, ఫెవిక్విక్‌తో అంటించుకున్న. ఫోన్ కవర్ తీస్తేనే కూర్చుంటది, నాది మూడు కెమెరాల ఫోను, సరిగ్గా మెయిన్ కెమెరా మీదికి జరపకపోతే ఫొటో అంతా నల్లగొస్తది. నడుమ మస్తు క్లియర్, అంచులన్నీ మసకమసక. ఇంకోటి, అంగుళం దగ్గరికి పోతేనే ఫోకస్ అయితది.

మా మల్కాజిగిరి ఫ్లాట్ బాల్కనీ సజ్జ కింద కందిరీగల గూడుంది, దానికి అంగుళం దూరంల ఫోన్ పెట్టే ధైర్యం నాకైతే లేదు. కానీ ఒకటి నాలుగు రోజులుగా గూడు దిక్కే పోకుండ, డ్యూటీ ఎగ్గొట్టినట్టు బట్టల తీగ మీదనే కూర్చుంటుంది, ఫోన్ పెట్టినా కదల్లే. ఫొటో పెద్దగ చేసి చూస్తే పొట్ట పట్టీల సందుల గోధుమరంగు గింజ లాంటిదేదో పొడుచుకొచ్చి ఉంది.

మా బామ్మర్ది రాజేంద్రనగర్ అగ్రికల్చర్ యూనివర్సిటీల చదివిండు, వానికి వాట్సాప్ చేసిన. "బావా, కోసి చూడంది ఖాయంగ చెప్పలేం గాని ఇది స్ట్రెప్సిప్టెరా, అంటే వేరే పురుగుల ఒంట్ల బతికే పురుగుల జాతి, లెక్కనే ఉంది, అది గింజ కాదు, లోపలున్న పురుగు తలకాయ" అన్నడు. నాకు అన్నం సయించలే ఆ పూట. కందిరీగ ఇంకా గూట్ల పిల్లపురుగుగ ఉన్నప్పుడే ఇది లోపలికి దూరి, దాని రక్తం మీదనే పెరుగుతదంట. ఎదిగిన ఆడదానికి కండ్లు, కాళ్లు, రెక్కలు ఏమీ ఉండవు, బతికినన్ని రోజులు కందిరీగ పొట్టలనే, తల మాత్రం బయట. మగదానికి రెక్కలుంటయ్, బయటికెగిరినాక కొన్ని గంటలే బతుకు. యూరప్‌ల పోలిస్టెస్ అనే రకం కందిరీగలకి పట్టే క్సీనాస్ వెస్పారమ్ అనే ఇట్లాంటి పురుగుని ఇటలీల బాగా స్టడీ చేసిన్రు. అది పట్టిన ఆడ కందిరీగకి అండాశయాలు ఎదగవు, గుడ్లు పెట్టదు, గూటికి మేత తేదు, గూడొదిలి అట్లాంటివే కొన్ని ఒకచోట గుమిగూడి ఉంటయ్, పురుగులకి జత దొరికేది అక్కడనే. పనిచేసే కందిరీగ చలికాలం చూడకుండనే పోతది గాని లోపల ఆడ పురుగున్న కందిరీగ రాణి లెక్క ఒళ్లంతా కొవ్వు పట్టి చలి దాటేస్తది. ఎవరి కోసం? లోపలున్న దాని పిల్లల కోసం.

ఐదో రోజు చూస్తే తీగ మీద లేదు.

కొనేటోళ్లు షాపులనే కవర్ తీసి తగిలించి చూసుకోండ్రి, మళ్ల వాపస్ తీసుకోరు.