నీటిబొట్టులో పువ్వు, ఎఫ్/8, ఆ చిన్న పిన్నులు: ఎక్స్‌టెన్షన్ ట్యూబుల మీద ఒక సమీక్ష

ఎక్స్‌టెన్షన్ ట్యూబులంటే చిన్నవాటిని దగ్గరి నుంచి పెద్దగా తీయడానికి కెమెరాకి, లెన్సుకి మధ్య బిగించే గొట్టాలు. లోపల అద్దం ఉండదు, ఖాళీయే. నాది 12, 20, 36 మిల్లీమీటర్ల మూడు ముక్కల సెట్టు. కానన్ ఈఎఫ్ మౌంటు (లెన్సు బిగించే అతుకు), చిన్న సెన్సరుండే ఏపీఎస్-సీ కెమెరా బాడీ, లెన్సు 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం (ఫోకస్ మోటారుతో కదిలే రకం). చాలాకాలంగా మొక్కల మీది నీటిబొట్లకే వాడుతున్నాను. ఈ సెట్టులో డబ్బు పెట్టదగ్గది ఒక్కటే: లోపలి అంచున వరుసగా ఉండి, కెమెరా నుంచి లెన్సుకి కరెంటు, సంకేతాలు చేరవేసే కాంటాక్ట్ పిన్నులు. అవి ఉండబట్టే కెమెరాలో అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నది) ఎఫ్/8 పెడితే లెన్సు కూడా ఎఫ్/8కి మూసుకుంటుంది. పిన్నుల్లేని చౌక ట్యూబు పెడితే ఈ లెన్సు ఎఫ్/1.8 దగ్గరే బార్లా తెరుచుకుని ఉండిపోతుంది.

అది ఎందుకంత ముఖ్యమో నీటిబొట్టు ఫోటో తీసినవాళ్లకి తెలుస్తుంది. 36 ట్యూబు ఒక్కటే పెట్టినప్పుడు 36ని 50తో భాగించి, లెన్సుకి సొంతంగా ఉన్న 0.21 కలిపితే మాగ్నిఫికేషన్ (సెన్సరు మీద పడే బొమ్మకి, అసలు వస్తువుకి ఉన్న సైజు నిష్పత్తి) 0.93. అంటే దాదాపు అసలు సైజు. అక్కడ ఎఫ్/1.8తో స్పష్టంగా వచ్చే మందం 0.16 మిల్లీమీటరు, ఎఫ్/8తో 0.7. ఇక బొట్టు సంగతి. గుండ్రటి నీటిబొట్టు వెనకున్న పువ్వును తలకిందులు చేసి చూపిస్తుంది కదా, ఆ బొమ్మ ఏర్పడేది బొట్టు లోపల కాదు. బొట్టు మధ్య నుంచి సుమారు దాని వ్యాసమంత దూరంలో, కెమెరా వైపు, గాలిలో. 3 మిల్లీమీటర్ల బొట్టయితే దాని అంచు ఒకచోట, పువ్వు బొమ్మ అంతకు 3 మిల్లీమీటర్ల ముందు ఉంటాయి. బొట్టు అంచుకి ఫోకస్ పెట్టి లోపల పువ్వు మసకగా వచ్చిందని లెన్సును తిట్టుకోవడం అన్యాయం. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) 10 రెట్లు పెంచి, కెమెరాను కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ పువ్వు రేకులు పదునుగా కనబడేచోట ఆపాలి. అంచు కూడా కావాలంటే అక్కడి నుంచి అర మిల్లీమీటరు చొప్పున ముందుకు జరుపుతూ ఎనిమిది ఫ్రేములు తీసి ఒకే ఫోటోగా కలపాలి. ఎఫ్/1.8తో అదే పనికి ముప్పై పైన పడతాయి, ఈలోగా గాలికి ఆకు ఊగకుండా ఉండదు.

పువ్వును దాని వెడల్పుకి రెట్టింపు దూరంలో పెడితే బొట్టులో సగం వరకు నిండుతుంది. బొట్టు చిన్నదైనా పెద్దదైనా లెక్క ఇదే. 5 సెంటీమీటర్ల బంతిపువ్వుకి 10 సెంటీమీటర్లు. బొట్టు పెట్టడానికి 100 యూనిట్ల ఇన్సులిన్ సిరంజి చక్కగా పనికొస్తుంది. ఒక యూనిట్ అంటే 0.01 మిల్లీలీటరు, గుండ్రంగా నిలిస్తే 2.7 మిల్లీమీటర్లు. అంతకు మించితే బొట్టు తన బరువుకే చదునవుతుంది, లోపలి పువ్వు సాగిపోతుంది. ఎండలో ఆరిపోతుంటే గ్లిజరిన్, నీళ్లు సగం సగం కలపండి. ఆ బొట్టు వెలుగును కాస్త ఎక్కువ వంచుతుంది కాబట్టి బొమ్మ బొట్టుకి ఇంకొంచెం దగ్గరగా ఏర్పడుతుంది, ఫోకస్ మళ్లీ చూసుకోవాలి. పనయ్యాక ఆకును మంచినీళ్లతో కడిగేయండి. చేమాకు మీద, తామరాకు మీద గ్లిజరిన్ అక్కర్లేదు, మామూలు నీళ్లే ముత్యాల్లా నిలుస్తాయి. బొట్టు కింద చిక్కుకున్న గాలి పొర వల్లే ఆ వెండి మెరుపు.

ఇంత పొగిడాక పిన్నులతో వచ్చే తంటా కూడా చెప్పాలి. నా సెట్టులో అది వాడగా వాడగా మొదలైంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మొదట అపర్చర్ అంకె ఉండాల్సిన చోట 00 అని వచ్చేది. అంటే లెన్సు ఉన్నట్టే కెమెరాకి తెలియడం లేదన్నమాట. తర్వాత షట్టర్ నొక్కే క్షణంలో ఎర్రర్ 01. మూడు ట్యూబులూ కలిపితే కెమెరాకి, లెన్సుకి మధ్య నాలుగు అతుకులు. ప్రతి అతుకులో వెంట్రుకవాసి ఆట (వదులు) ఉంటుంది. చేత్తో ఫోకస్ రింగు తిప్పితే ఆ ఆటలోనే ట్యూబు కూడా కాస్త తిరిగి పిన్ను ఎదుటి లోహపు రేకు అంచుకి జారుతుంది. కెమెరాను నేలకేసి వంచి కింద కుండీలోని ఆకు తీసేటప్పుడు ఇంకా ఎక్కువ, ఎందుకంటే లెన్సు బరువు అతుకుల్ని నేరుగా కిందికి లాగుతుంది. పైగా మనం తిరిగేది మంచు కురిసే తెల్లవారుజామున. ఏసీ గదిలో బయటి గాలి కంటే చల్లబడిన కెమెరాను సరాసరి బయటికి తెస్తే పిన్నుల మీదా తేమ పడుతుంది. బ్యాగును మూసి ఉంచి అరగంట బయట పెట్టాకే తెరవాలి.

ఎర్రర్ వస్తే ముందు కెమెరా ఆఫ్ చేయండి. ట్యూబులన్నీ తీసి ఒక్కొక్కటే పెట్టి చూస్తే తప్పు దేనిదో తెలుస్తుంది. నా దాంట్లో అది 20 ట్యూబు. టూత్‌పిక్ మొనతో ఒక్కో పిన్నునూ మెల్లగా నొక్కితే అన్నీ స్ప్రింగులా పైకి లేవాలి. ఒకటి లేవకుండా లోపలే ఉండిపోతే సందులో దుమ్ము చేరినట్టు. ఇయర్ బడ్‌కి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, ఆరాక మళ్లీ పది పదిహేనుసార్లు నొక్కి వదలాలి. రబ్బరుతో రుద్దమని కొందరు చెబుతారు, వద్దు. రబ్బరు పొడి పిన్నుల పక్కన చేరుతుంది, పూత అరుగుతుంది. అన్నీ బిగించాక అతుకుల మీద ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు వేస్తే తిరగడం ఆగుతుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన మందు అదే.

పిన్నులు పూర్తిగా చచ్చిపోయినా దారి ఉంది. లెన్సును నేరుగా బాడీకి పెట్టి ఎఫ్/8కి తిప్పి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (ఫోటో తీయకముందే అపర్చర్ మూసి చూపేది) నొక్కిపట్టి ఉండగానే లెన్సు తీసేస్తే అది ఎఫ్/8 దగ్గరే ఉండిపోతుంది. ఎస్‌టీఎం మోటారుకి కరెంటు అందదు కాబట్టి ట్యూబు మీదికి వెళ్లాక ఫోకస్ రింగు మాత్రం పనిచేయదు. కెమెరానే ముందుకీ వెనక్కీ జరుపుకోవాలి.

అద్దం లేదు కాబట్టి నాణ్యత తగ్గదని అనేవాణ్ణి. 36 ఒక్కటే ఉన్నప్పుడు బొట్టు ఫ్రేము మధ్యలో ఉంటుంది గనుక ఆ మాట నిలుస్తుంది. మూడూ కలిపి 1.57కి వెళ్తే మూలలు మెత్తబడతాయి, ఈ లెన్సు అంత దగ్గరికి చేసింది కాదు. ఎఫ్/8 కూడా అక్కడ పేరుకే ఎఫ్/8. మాగ్నిఫికేషన్‌కి ఒకటి కలిపి ఎనిమిదితో గుణిస్తే ఎఫ్/20 పైమాటే, పదును పడిపోతుంది. అందుకే ఇప్పుడు 20 ట్యూబు పక్కన పెట్టేసి 36, లేదంటే 36కి 12 కలిపి వాడుతున్నాను. అతుకులు కూడా తగ్గాయి.

నా లెన్సు 160 గ్రాములే, తీసేది కదలని మొక్కల్ని, ట్రైపాడ్ మీద, ఇంటి ఆవరణలో. ఇలాంటి పనికి మాక్రో లెన్సు (చిన్నవాటిని దగ్గరగా తీయడానికే చేసింది) ధరలో చిన్న భాగం పెట్టి ఈ సెట్టు కొనడం నాకు గిట్టింది. బరువైన జూమ్ తగిలించాలనుకుంటే ప్లాస్టిక్ మౌంటు ఉన్నది అసలు ముట్టుకోవద్దు, లోహపు మౌంటు ఉన్నదే చూడండి. సీతాకోకలు, చీమలు కూడా తీయాలంటే ఇంత దగ్గరగా వెళ్తే అవి నిలవవు. వాటికి 100 ఎంఎం మాక్రోయే కావాలి. కొనేముందు దుకాణంలోనే మూడూ బిగించి, ఎఫ్/8 పెట్టి, కెమెరాను నేలకేసి వంచి, ఫోకస్ రింగు అటూ ఇటూ తిప్పుతూ షట్టర్ నొక్కి చూడండి. అక్కడే 00 కనిపిస్తే ఇంకో సెట్టు తీయమని అడగండి.