కొండపల్లి, పెడన, ఏటికొప్పాక: విరిగిన తొండంతో నాలుగు రోజులు

అమ్మ పెళ్ళినాటి కొండపల్లి అంబారీ ఏనుగుకి పోయిన దసరా కొలువు సర్దుతుంటే తొండం విరిగింది. ఫెవికాల్ పెట్టి అతికించేస్తానన్నాను. "నువ్వు ముట్టుకోకు. చేసేవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళు" అంది. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని పెడన కలంకారీ, ఏటికొప్పాక లక్క బొమ్మలు కూడా కలిపి, సంక్రాంతి రద్దీ తగ్గాక ఫిబ్రవరి మొదట్లో నాలుగు రోజులకి హైదరాబాదు నుంచి బయల్దేరాం. కొనడం మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. చేసే మనిషి పక్కన కూర్చుని ఇది దేంతో చేస్తారు, ఈ ఆలోచన ఎలా వచ్చింది అని అడగాలి, అంతే. కింద నేనిచ్చిన మార్కులన్నీ ఆ లెక్కలోవే.

ముందు విజయవాడ బస సంగతి చెప్పేస్తాను. బస్టాండుకి దగ్గరని ఆన్‌లైన్‌లో ఒక లాడ్జి బుక్ చేశాను. ఫొటోల్లో గది వేరు, మాకిచ్చిన గది వేరు. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. "సాయంత్రానికల్లా బాగవుతుంది సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. మర్నాడు పొద్దున ఖాళీ చేసేటప్పుడూ అదే మాట. రెండో రాత్రికి బెంజి సర్కిల్ వైపు మారిపోయాం, అద్దె కాస్త ఎక్కువైనా నిద్రపట్టింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఫోన్ చేసి, లిఫ్టు ఉందా అని కాదు, ఇవాళ పనిచేస్తోందా అని అడగండి.

కొండపల్లి విజయవాడకి దగ్గరే. క్యాబ్‌లో ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ చిమ్నీలు దాటగానే వచ్చేస్తుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మేమూ చేశాం. రోడ్డు మీద కనబడ్డ మొదటి షోరూములోకి దూరాం. అద్దాల బీరువాల నిండా దశావతారాలు, ఎడ్లబండ్లు, నాట్యకత్తెలు. అమ్మాయి ధరలు గడగడా చెప్పింది. ఏ కర్ర అని అడిగితే "వుడ్డే సార్" అంది. తప్పు ఆమెది కాదు, ఆమె పని అమ్మడం. లోపలికి, బొమ్మల కాలనీ ఇళ్ళ వైపు నడిస్తే లోకం మారిపోతుంది. అరుగుల మీద కర్రముక్కలు, రంగు డబ్బాలు, తలలు లేని మనుషులు, మనుషులు లేని బళ్ళు.

ఒక ఇంటి ముందు అరవై దాటిన పెద్దాయన ఆవుకి కాళ్ళు అతుకుతున్నాడు. అమ్మ సంచిలోంచి ఏనుగు తీసి చేతికిచ్చింది. ఆయన ముందు బరువు చూశాడు, తర్వాత విరిగినచోట గోటితో గీరాడు. "పొణికే. మా ఊరిదే" అన్నాడు. తెల్ల పొణికి అంటే బెండులా తేలికైన మెత్తటి కర్ర, ఈ చుట్టుపక్కల కొండల్లో దొరికేది. ఇప్పుడు చెట్లు తగ్గిపోయి కర్రకే కష్టంగా ఉందని అక్కడ అందరి నోటా అదే మాట. కోసిన కర్రలో తడి పూర్తిగా పోయేదాకా ఆరబెడతారు, లేకపోతే తర్వాత బొమ్మ పగులుతుంది. బొమ్మని ఒకే దుంగలోంచి చెక్కరు. తల, కాళ్ళు, తొండం, అంబారీ దేనికదే విడిగా చెక్కి, మక్కుతో అతుకుతారు. చింతగింజల పొడిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు. అదే జిగురు, అదే పుట్టీ. ఆయన రెండు వేళ్ళ మధ్య చిటికెడు మక్కు పిసికి, తొండం మొదట్లో పెట్టి, నొక్కి, పైన వేలితో ఒక్కసారి సవరించాడు. అతుకు ఎక్కడుందో నాకు కనబడలేదు.

"ఇదిప్పుడు ఎండాలి. తర్వాత సుద్ద పూయాలి. ఎల్లుండి రండి" అన్నాడు.

కూర్చున్నాం కదా అని అడిగాను, ఈ బొమ్మలన్నీ ఎలా తడతాయి అని. వాళ్ళ పూర్వీకులు కొన్ని వందల ఏళ్ళ కిందట రాజస్థాన్ వైపు నుంచి వచ్చారని చెప్పుకుంటారు. అయినా బొమ్మల్లో మనుషులంతా మనవాళ్ళే. "రాముడూ కృష్ణుడూ తాతలు చెప్పిన కొలత. తాడిచెట్టు ఎక్కేవాడు మాత్రం అదిగో, ఆ రోడ్డు మీదే పోయేవాడు" అన్నాడాయన నవ్వుతూ. మేము ఆ తాడిచెట్టు బొమ్మే కొన్నాం. చెట్టు మీద మనిషి నడుముకి మోకు, వెనక చిన్న కుండ. కుండ సెనగగింజంత ఉంది, దానికి మూతి కూడా గీశాడు.

కొండ మీది కోట ఎక్కలేదు, అమ్మ వల్ల కాదని. చూసినవాళ్ళు బాగుందన్నారు.

రెండో రోజు పెడన. విజయవాడ నుంచి బందరు (మచిలీపట్నం) దాకా రోడ్డు మంచిది, అక్కణ్ణుంచి పెడన పది కిలోమీటర్ల పైచిలుకు. నా లెక్కలో ఈ యాత్రలో మొదటి మార్కు దీనికే. బయట బోర్డులు తక్కువ, చూపించేవాళ్ళు తక్కువ, కానీ ఒక్క షెడ్డులోకి వెళ్ళనిస్తే సగం రోజు ఇట్టే అయిపోతుంది. ముందు ఫోన్ చేసుకుని వెళ్ళండి. వానాకాలంలో వద్దు. గుడ్డ ఆరకపోతే పనే సాగదు.

కలంకారీ పేరులో కలం ఉంది గానీ పెడనలో చేతిలో ఉండేది అచ్చు. కలంతో చేతిగీత శ్రీకాళహస్తిది. అక్కడ రామాయణ భారతాలు గుడ్డ మీదికి ఎక్కుతాయి, ఇక్కడ పూలు, తీగెలు, నెమళ్ళు, జీవవృక్షం. దేవుళ్ళు ఎందుకు లేరని అడిగితే షెడ్డు యజమాని చెప్పిన కారణం బాగుంది: "ఇది గుడికి చేసింది కాదండీ, ఓడకి చేసింది." నిజమే. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు పెద్ద రేవు, పర్షియా వర్తకులు వచ్చేవారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు కూడా ఇక్కడే దుకాణం తెరిచారు. కొనేవాడికి నచ్చిన తీగె అచ్చులోకి వచ్చింది.

ఇక రంగుల సంగతి. గంజి పోయేలా ఉతికిన గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. గుడ్డ లేత పసుపు తిరుగుతుంది. మూల ఒక డ్రమ్ము, దగ్గరికి వెళ్తే పుల్లటి కంపు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టింది. దాన్ని కసిం అంటారు. అచ్చుని ఆ తడిలో అద్ది గుడ్డ మీద పెట్టి, వెనక పిడికిలితో ఒక్క గుద్దు. తీస్తే నల్లటి గీత. ఆ నలుపు డ్రమ్ములోనూ లేదు, గుడ్డలోనూ లేదు. కరక్కాయ వగరు, ఇనుము కలిసిన క్షణంలో పుడుతుంది. ఎరుపు ఇంకా విచిత్రం. పటిక నీళ్ళలో జిగురు కలిపి అచ్చు వేస్తారు, అప్పుడు చూస్తే అక్కడ ఏమీ ఉన్నట్టు అనిపించదు. ఉతికి, రంగు వేర్లు వేసిన రాగి గంగాళంలో ఉడకబెడితే పటిక పడ్డచోట మాత్రమే ఎర్రగా తేలుతుంది. మిగతా గుడ్డకి పట్టిన మరకంతా తర్వాతి ఉతుకులో పోతుంది. గంగాళం దగ్గర కర్రతో తిప్పుతున్న అతని మొహం మంట వేడికి చెమటలు కక్కుతోంది. అమ్మ అతన్నే అడిగింది, ఎంతసేపు బాబూ అని. "రంగు చెప్తుందమ్మా, గడియారం కాదు" అన్నాడు.

అచ్చులు టేకువి. ఒక చీరకి నాలుగు రంగులుంటే గీతకి ఒకటి, ప్రతి నింపుడికీ ఒకటి. ఒక గూటిలో వందల అచ్చులు, కొన్ని తాతలనాటివి. పాత అచ్చు అంచులు అరిగితే గీత లావవుతుందట. ఆ లావు గీత నచ్చి దాన్నే అడిగే డిజైనర్లూ ఉన్నారట. యజమాని ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాడు: అన్ని షెడ్లలోనూ అన్నీ వేర్లూ ఆకులూ కావు, ఎరుపుకి అలిజరిన్ అనే రసాయన రంగు వాడతారు, స్క్రీన్ ప్రింటూ నడుస్తుంది, ధర తేడా అందుకే. ఈ నిజాయితీకి నేను అదనంగా రెండు మార్కులు వేశాను.

ఎందుకంటే అదే సాయంత్రం వేరే ఊళ్ళో ఒక దుకాణంలో "హ్యాండ్ బ్లాక్" అని ఒక చీర అంటగట్టబోయారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అంచు మీద వేలు నడిపింది. తీగె ఎక్కడా తెగలేదు, పువ్వుకీ పువ్వుకీ వెంట్రుక వాసి తేడా లేదు. చేత్తో గుద్దినదైతే ఒక అచ్చు అయి ఇంకోటి మొదలయ్యే చోట సన్నటి అతుకు కనబడాలి. "అతుకేదీ?" అంది. సేల్స్‌మన్ ఇంకో చీర విప్పాడు.

బందరులో తొక్కుడు లడ్డు కొనకుండా రావడం కుదరదు. కొన్నాం. మంగినపూడి బీచికి చీకటిపడ్డాక చేరాం, అలల చప్పుడు విని వెనక్కి.

మూడో రోజు పొద్దున మళ్ళీ కొండపల్లి. తొండం గట్టిపడింది, సుద్ద పూసి ఉంది, కానీ రంగు వేయలేదు. ఏనుగంతా మాగిన బూడిదరంగు, తొండం మొదట్లో తెల్లటి పట్టీ. నాకు కాస్త చిరాకేసింది. "ఇన్నేళ్ళు ఇంట్లో పొగా ధూళీ పట్టి ఆ రంగు వచ్చింది. నా దగ్గరున్న రంగు వేస్తే రెండు ఏనుగులు కలిపినట్టుంటుంది. మీకు కావాలంటే మొత్తం కొత్తగా వేసిస్తా" అన్నాడు పెద్దాయన. అమ్మ వద్దంది. డబ్బులు కూడా తీసుకోలేదు, మక్కుకి డబ్బులేంటన్నాడు. రోడ్డు మీది షోరూముని చూసి కొండపల్లికి తక్కువ మార్కులు వేసినవాణ్ణి, ఇక్కడ దిద్దుకున్నాను.

మధ్యాహ్నం రైలుకి అనకాపల్లి. ఏనుగు దారంతా నా ఒళ్ళోనే. ఏటికొప్పాకలో ఉండటానికి మాకు గది దొరకలేదు, అందుకే అనకాపల్లిలో దిగాం. గది మామూలుదే, లిఫ్టు మాత్రం పనిచేసింది! పొద్దున కారులో ఏటికొప్పాక. హైవే దిగాక చెరకు తోటలు, వరాహ నది ఒడ్డున ఊరు. ఎలమంచిలిలో రైలు దిగి ఆటోలో కూడా రావచ్చు, అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ అక్కడ ఆగవు, చూసుకోండి.

ఇక్కడివాళ్ళకి వివరించి చెప్పడం బాగా అలవాటైంది. 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు, 2023లో ఈ ఊరి కళాకారుడు సీవీ రాజు గారికి పద్మశ్రీ, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రా శకటం ఈ బొమ్మలతోనే. వచ్చేపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. మొదట మాట్లాడినతను పాఠం అప్పజెప్పినట్టే చెప్పాడు. అయితే లేత్ ముందు కూర్చున్న ఇంకొకతను మాట్లాడకుండా చేసి చూపించాడు. అంకుడు కర్ర, తెల్లగా, గీతల్లేకుండా. గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించాడు, సన్నటి రిబ్బన్‌లా పొట్టు లేచింది. తర్వాత రంగు లక్క కడ్డీ ఆనించాడు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంది. ముందు మచ్చలు మచ్చలుగా ఉంది. ఎండిన మొగలి ఆకు మడిచి అదిమాడు, అద్దంలా అయింది. నిమిషం పట్టలేదు, చేతిలో బొంగరం.

పసుపుకి పసుపే, నారింజకి జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు, పసుపూ నీలిమందూ కలిపితే ఆకుపచ్చ. లక్కని నిప్పుల మీద మెత్తబరిచి, రంగు వేసి, సాగదీసి మడిచి, మళ్ళీ సాగదీసి కలుపుతారు. వేడి ఎక్కువైతే ఈ రంగులు మాడిపోతాయి, అదే అసలు విద్య అన్నాడు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకి రసాయన రంగు ఎందుకని రాజు గారు పట్టుబట్టడంతో ఊరు ఈ దారికొచ్చిందని చెప్పాడు.

అమ్మ లక్కపిడతల దగ్గర ఆగిపోయింది. పొయ్యి, తిరగలి, బిందె, కుంకుమ భరిణె, అన్నీ అరచేతిలో పట్టేవి. కొత్త ఆకారాలు ఎలా ఆలోచిస్తారని అడిగాను. "లేత్ మీద ఏదైనా గుండ్రంగానే వస్తుంది సార్. మనిషి మొహమైనా, గుడ్లగూబైనా ముందు గుండ్రంగా ఎలా ఉంటుందో చూసుకుంటాం" అన్నాడు.

బయల్దేరే ముందు అమ్మ సంచిలోంచి ఏనుగు తీసి, ఆ తెల్లపట్టీ చూపించి, దీని మీద కాస్త నల్ల లక్క వేస్తారా నాయనా అని అడిగింది. అతను ఏనుగుని అటూ ఇటూ తిప్పాడు, తొండం కింద వేలు పెట్టి చూశాడు, నవ్వాడు.

"గిర్రున తిరగనిది మా చేతికి రాదండమ్మా."